ఏ మెయిలూ వెనక్కి పోకూడదు
సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకున్నవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒక్కటే: వచ్చిన మెయిల్‌ను తిప్పి పంపకండి. పోస్ట్‌ఫిక్స్ పద్ధతి ఇందుకు పూర్తి వ్యతిరేకం. సర్వర్‌లో అకౌంటు గానీ, అలియాస్ ఫైల్లో పేరు గానీ లేనివారికి మెయిల్ వస్తే 550 అని చెప్పి గుమ్మంలోంచే పంపేస్తుంది. అదే మంచిదంటారు అందరూ. నేను ఒప్పుకోను.

మన పేర్లనే చూడండి. లక్ష్మిని ఇంగ్లీషులో కొందరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు, కొందరు ఎక్స్‌తో. శ్రీనివాస్‌లో శ్రీకి ఒకరు ఒక్క ఐ పెడతారు, ఇంకొకరు రెండు ఈలు. చౌదరి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊళ్లో పెద్దాయన ఫోన్లో విన్న అడ్రసు కొడతాడు. ఒక్క అక్షరం తేడా వస్తే ఆయనకు దక్కేది మెయిలర్ డీమన్ పేరుతో నాలుగు పేరాల అర్థంకాని ఇంగ్లీషు. ఇక మళ్లీ రాయడు.

అందుకని మెయిన్ డాట్ సీఎఫ్ తెరవండి. లోకల్ రెసిపియెంట్ మ్యాప్స్‌కు ఎదురుగా ఏమీ రాయకుండా ఖాళీగా వదలండి. ల్యూజర్ రిలేకి మీ అడ్రసు ఇచ్చి రీలోడ్ చేయండి. మొదటి లైను మరిచిపోతే రెండోది ఉన్నా లాభం లేదు, మెయిల్ లోపలికే రాదు.

చెత్త వస్తుంది. పేర్లు ఊహించి కొట్టే స్పామర్లకు మీ సర్వర్ ప్రతిదానికీ సరేనంటుంది. అననివ్వండి. పొద్దున్నే కూర్చుని ఏరండి, ఎవరిదో తెలియకపోతే తెరిచి చదవండి. ఆ లాటరీల మధ్య ఒక్క శుభలేఖ దొరికినా ఆ పొద్దు వృథా కాదు. ఫిల్టర్లకు వదిలేసే పని కాదిది.

కొత్త తప్పు స్పెల్లింగు కనబడినప్పుడల్లా వర్చువల్ ఫైల్లో ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు రాసి పోస్ట్‌మ్యాప్ నడపండి. కానానికల్ జోలికి వెళ్లకండి. అది పంపినవారి అడ్రసునూ మారుస్తుంది, మన సర్వర్లో పుట్టిన మెయిల్‌లో హెడర్లనూ దిద్దుతుంది. వర్చువల్ అయితే కవరు మీద అందుకునేవారి అడ్రసు మాత్రమే మారుతుంది. ఒకరు రాసిన స్పెల్లింగును దిద్దే హక్కు మనకు లేదు.

పోస్ట్‌మాస్టర్ పేరున వచ్చే మెయిల్‌ను తీసుకుని తీరాలని 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతోంది. ఆ మర్యాద ఒక్క పోస్ట్‌మాస్టర్‌కే ఎందుకు? రాసిన ప్రతి పేరుకూ ఇవ్వండి. డిస్కు నిండితే ఇంకో డిస్కు కొనుక్కోండి, 550 మాత్రం ఎవరికీ పంపకండి.