నాటకం దొరక్కుండా వెతకడం ఎలా?

హైటెక్ సిటీలో కొలువు, లింగంపల్లిలో అద్దె ఇల్లు, ఆఫీసు వార్షికోత్సవంలో ఏడు నిమిషాల స్లాటు. ఈ మూడూ కుదిరాయంటే మీలోని నటుడు నిద్ర లేచినట్టే. ఇక కావలసింది ఒక ఏకపాత్ర. అది ఎలా వెతకాలో చెబుతాను, శ్రద్ధగా వినండి.

ముందుగా, పుస్తకం ముట్టుకోకండి. ఏకపాత్ర అనగానే కళ్లు మూసుకుని మయసభ దుర్యోధనుణ్ణి పట్టుకోండి. అది రంగస్థలానికి రాసింది కాదు, 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' సినిమాకి కొండవీటి వెంకటకవి రాసిన మాటలు అని ఎవరైనా అంటే జాలిగా చూసి ఊరుకోండి. గద ముఖ్యం. అట్టదైనా ఫరవాలేదు, బంగారు కాగితం మెరిస్తే చాలు. మీకు ముందు ఇద్దరు, మీ వెనక ఒకరు అదే దుర్యోధనుడు వేస్తారు. మంచిదే, మీరు మాట మరిచిపోతే హాలంతా అందిస్తుంది.

సాహిత్యాభిరుచి కూడా ఉందనిపించుకోవాలా? గిరీశం వేయండి. 1892లో విజయనగరంలో ఆడిన 'కన్యాశుల్కం' వేరు, గురజాడ తిరగరాసి 1909లో అచ్చు వేయించినది వేరు. ఆ తేడా అడిగేవాడు మీ టీములో ఉండడు. చుట్ట, కోటు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చాలు. మధురవాణి జోలికి మాత్రం పోవద్దు. ఆవిడ ఎక్కడ నవ్వుతుందో, నవ్వుతూ ఎవరికి చురక పెడుతుందో తెలియాలంటే నాటకం మొత్తం చదవాల్సి వస్తుంది.

పరిషత్తు నాటిక జెరాక్సు ఏదైనా చేతికొస్తే మొదటి పేజీ తీసేయండి. రచయిత పేరు ఉండేది అక్కడే. ఫోన్ చేసి అనుమతి అడిగితే ఆయన సంతోషంగా ఇచ్చేస్తారేమో, ఎందుకొచ్చిన గొడవ!

అసలు జాగ్రత్త ఇప్పుడు చెబుతున్నాను. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. ఆ వైపు మళ్లకండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన నాటక సమాజం వారసులు అక్కడున్నారు. వాళ్ల పిల్లలు ఉయ్యాల వయసులో బాలకృష్ణులు, మాటలు వచ్చాక లోహితులు, ప్రహ్లాదులు. మీరు పీడీఎఫ్ ఉందా అని అడుగుతారు. వాళ్ల పోర్షన్లేమో పెద్దల నోట విని, రోజూ తెర పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవి. 'మాయాబజార్'లో లడ్లు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే మీరు సాఫ్ట్‌వేర్ ఏమిటని అడుగుతారు. సన్నటి తీగ, దాన్ని సరిగ్గా సమయానికి లాగే మనిషి, అంతే. ఆ మనిషే కాసేపటికి కిరీటం పెట్టుకుని స్టేజి మీదికి రావచ్చు కూడా.

బి.వి. కారంత్ అంతటి దర్శకుడు వాళ్ల దగ్గరికొచ్చి 'భీష్మ', 'చండీప్రియ' చేయించాడు. జర్మనీ బ్రెహ్ట్ నాటకం వాళ్ల చేతుల్లో 'బస్తీ దేవత యాదమ్మ' అయింది. వాళ్లలో శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి నడిపిన ఆర్. నాగేశ్వరరావు, అదే, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయన, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఇదంతా తెలుసుకుంటే మీ అట్టగద ఎత్తడానికి చెయ్యి రాదు. అందుకే వద్దంటున్నాను.

సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం కూడా మీ దారిలోనే ఉంది. బస్సు ఆ గేటు ముందు ఆగినప్పుడు ఫోన్లోకి చూసుకోండి.

ఇంత చెప్పినా వినకపోతే మీ ఇష్టం. సురభి వాళ్ల ఆట ఎప్పుడుందో కనుక్కోండి. రవీంద్రభారతిలో అయితే లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి నడిచిపోవచ్చు. టికెట్ కొనుక్కుని వెళ్లండి. పాసు మాత్రం అడక్కండి.