ఎండ తెలియని ఎలివేషన్

తెనాలిలో ఇప్పుడు ఇల్లు కట్టేవాడు మేస్త్రీకి స్థలం చూపించడు, ఫోన్ చూపిస్తాడు. ‘ఎలివేషన్ అచ్చం ఇట్టాగే రావాలి మేస్త్రీగారూ’ అంటాడు. తెరమీద బూడిదరంగు డబ్బా, దాని ముందు నిలువెత్తు అద్దం. చూరు లేదు, సన్‌షేడ్ లేదు. వెనకాల మంచు. దీన్ని కాపీ అనకూడదట, ‘ఇన్‌స్పిరేషన్’ అనాలట. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు మన ఊరికి ఎప్పుడో వచ్చింది. ప్యారిస్ ఎండే ఇంకా రాలేదు.

ఆ అద్దం సంగతి చెప్పనివ్వండి. కట్టిన గోడను వాస్తు కోసం కూలగొట్టి వంటగదిని ఆగ్నేయానికి జరిపినవాళ్లే పడమటి సూర్యుణ్ణి మాత్రం పీట వేసి హాల్లో కూర్చోబెడతారు. మొదటి వేసవికి కర్టెన్ వస్తుంది. రెండో వేసవికి అద్దానికి నల్ల ఫిల్మ్ అంటిస్తారు. మూడో ఏడు బయట గ్రీన్ నెట్ కడతారు. ఇంకేం, లక్షలు పోసిన అద్దం కాస్తా నర్సరీ షెడ్డయి కూచుంటుంది.

లోపల పగలల్లా లైట్లు, ఏసీలు. వాటి బయటి డబ్బాలు ముందువైపు బిగిస్తే ఎలివేషన్ చెడుతుంది కదా, అందుకని పక్కింటి వైపు తిప్పుతారు. ఆ పక్కిల్లు మాదే. నా పడగ్గదిలోకి రాత్రంతా వచ్చే వేడిగాలే నాకు దక్కిన సమకాలీన కళ.

సూర్యలంక ఇసుకలో రంగుల పొగ వదిలి తీయించుకునే ప్రీవెడ్డింగ్ ఫొటోల జోలికి నేను పోను. పొగ కాసేపటికి పోతుంది, ఇల్లు పోదు. శాసనసభ డిజైనుకు 2017లో సినిమా దర్శకుడి సలహా అడిగిన రాష్ట్రం మనది, ఊళ్లో మేస్త్రీని ఏమనగలం?

కానీ ఒళ్లు మండేది ఇక్కడే. ఈ కాంక్రీటు డబ్బాలకు మూలపురుషుల్లో ఒకడైన లె కార్బూజియే 1950లలో చండీగఢ్‌లో కట్టినప్పుడు మన ఎండకు తలొంచాడు. హైకోర్టు కప్పు మీద గొడుగులా ఇంకో కప్పు వేశాడు, గోడల ముందు ఎండను ఆపే కాంక్రీటు పలకలు పెట్టాడు. ఇంగ్లండులో పుట్టిన లారీ బేకర్ కేరళలో ఇటుకల మధ్య సందులు వదిలి జాలీ గోడలతో గాలి రప్పించాడు. బయటివాళ్లకు కనిపించిన ఎండ ఇక్కడే పుట్టి పెరిగిన మనకు కనిపించదా? ఎండే కాదు, గాలీ కనిపించదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 1977 ఉప్పెన ముంచిన దివిసీమ రేపల్లెకు ఏటి అవతలే. అయినా షాపుల ముందు రేకుల్లాంటి ఏసీపీ షీట్లు అతికిస్తూనే ఉన్నారు. గాలికి అవి లేస్తే ఎవరి మెడ మీద పడతాయో అడిగే నాథుడు లేడు. ఇది అభిరుచి కాదు, బాధ్యత లేనితనం.

మన పక్కనున్న తుమ్మపూడి చిత్రకారుడు సంజీవదేవ్ హిమాలయాల దాకా వెళ్లి రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర ఉండి వచ్చారు. తిరిగొచ్చి బొమ్మలు వేశారు, వ్యాసాలు రాశారు. అంతేగానీ తుమ్మపూడిలో మంచుకొండ కట్టలేదు. తెనాలిలోనే ఒక తండ్రీకొడుకుల శిల్పశాల పాత బైకు గొలుసులు, నట్లు, బోల్టులు అతికించి 2021లో 14 అడుగుల మోదీ విగ్రహం చేసింది. విగ్రహం ఎవరిదన్నది వదిలేయండి, ఆ చేతులు చూడండి. మీ గేటుకూ గ్రిల్లుకూ ఒక్కసారైనా వాళ్లనడిగారా?

కొత్తగా శంకుస్థాపన చేసేవారికి ఒక్క మనవి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మీ స్థలంలో పడమర తిరిగి అరగంట నిలబడండి. అప్పటికీ అద్దమే కావాలంటే మీ ఇష్టం. ఏసీ డబ్బాలు మాత్రం మీ ముందుగోడకే బిగించుకోండి.