బిదరువాసి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
తెలిసినట్టి జావ తేటగా నడువగా
కొత్త రస్టు నేర్వ కోరుటేల
పేరు మార్చినంత బేరము మారునా
బిదరువాసి! నమ్ము పెద్దమాట

అవతారిక: కొలువు హైదరాబాదులోను, కాపురము బీదర్‌లోను గల ఒక సీనియరు ప్రోగ్రామరును జూనియరు "అన్నా, ఈ సర్వీసు రస్టుల రాద్దామా?" అని అడిగెను. "మంచిగ నడిచేదాన్ని ఎందుకు గెలుకుతవ్ తమ్మీ" అని సీనియరు వానిని పంపివేసెను. అంతటితో మనసు కుదుటపడక తనకు తానే ఈ పద్యము చెప్పుకొనెను.

టీక: తెలిసినట్టి = ఒకప్పుడు తెలిసినట్టి; జావ = 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు లోకమునకిచ్చిన భాష (రాగిజావ యని వ్రాసిన వ్యాఖ్యాతలు అమీర్‌పేట చూడనివారు); తేటగా = అర్ధరాత్రి ఫోను రాకుండ; నడువగా = నడుచుచుండగా; కొత్త = 2015లోనే 1.0 వచ్చినను కవికి మాత్రము కొత్తయైన; రస్టు = ఆ పేరుగల భాషను; నేర్వ = ఆదివారములు ధారపోసి నేర్చుటకు; కోరుట + ఏల = కోరుట ఎందుకు (మేనేజరు కోరినచో ఈ ప్రశ్న పుట్టదు); బేరము = సరుకు; బిదరువాసి = బీదర్ వాడా (హ్రస్వము గణముల కొరకు); పెద్దమాట = పెద్దల మాట.

తాత్పర్యము: వచ్చిన భాషతో పని జరుగుచుండగా రాని భాష జోలికి పోరాదు.

విశేషము: 'తెలిసినట్టి' అను మాట నిలువదు. కవి నేర్చిననాటి జావలో జెనరిక్స్ లేవు. అవి 2004లో వచ్చినవి. 2014లో లాంబ్డాలు, 2023లో వర్చువల్ థ్రెడ్లు వచ్చినవి. అన్నిటిని కిక్కురుమనక నేర్చెను. భాష పేరు మారలేదు గనుక కొత్తది నేర్చుచున్నట్టు తనకే తోచలేదు. మూడవ పాదము కవికే ఎదురు తిరిగినది: పేరు మారకయే బేరము మారెను.

కోట్లిన్ విషయములో ఆ పాదము కొంత చెల్లును. అదియు జావ నడిచెడి వర్చువల్ మెషీన్ మీదనే నడుచును. రస్టు దారి వేరు. జావలో వాడి పారవేసిన మెమరీని గార్బేజ్ కలెక్టరు ఊడ్చుకొనిపోవును. రస్టులో ఏ విలువ ఎవరి సొత్తో, ఎవరు ఎంతసేపు అరువు తెచ్చిరో కంపైలరు ముందే లెక్క అడుగును. సింటాక్సు పట్టుబడుట పెద్ద పని కాదు. ఇరవయ్యేండ్ల అనుభవశాలి వ్రాసినదానిని కంపైలరు జూనియరు ఎదుటనే తిప్పికొట్టుట, అదీ అసలు ఖర్చు. పద్యములో దాని ఊసే లేదు.

కవి ఊరు బీదర్ చూడబోతే భాషలకు జంకునది కాదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, చౌబారా బురుజు దగ్గర దక్కనీ, భాల్కి చుట్టములతో మరాఠీ. వీనిలో దేనికిని కవి కోచింగుకు పోలేదు. ఐతే బజారులో తప్పు కన్నడమునకు కూడ వంకాయలు దొరకును, కంపైలరు వద్ద దొరకవు.

నడుచుచున్న సర్వీసును తిరగరాయవద్దనుట సబబే. జూనియరు తొందరపడెను. కాని ఆ కారణము చూపి నేర్చుటనే మానుకొనుట కుదరదు. కవి రెండింటిని ఒక్క ముడి వేసినాడు.

యతి: రెండవ పాదమున కొత్త, కోరు. 'కొత్త' తీసి 'పాత' పెట్టిన యతి చెడును, దిద్దరాదు.