మరింత లోతైన పరిశోధన అవసరమట!

జంతు ప్రవర్తన, జంతు సంక్షేమాల మీద మన దేశంలో ఏ విశ్వవిద్యాలయం సదస్సు పెట్టినా, ఎవరు పత్రం చదివినా, చివరి స్లైడు నేను ముందే రాసిచ్చేయగలను. గులాబీ పువ్వు పక్కన 'ధన్యవాదాలు' అని ఉంటుందే, అది కాదు. దానికి ముందుది. 'ఈ అంశంపై మరింత లోతైన పరిశోధన అవసరం.' కోడి మీద పత్రమైనా, గేదె మీదైనా, గొర్రె మీదైనా ముక్తాయింపు ఒకటే. హాల్లో అందరూ తలలూపుతారు. ఊపక ఏం చేస్తారు? మరింత పరిశోధన అంటే మరో ప్రాజెక్టు, మరో రీసెర్చ్ ఫెలో, ప్రమోషన్ ఫైల్లోకి మరికొన్ని పాయింట్లు. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా!

పాపం, ఇంతకీ ఏం తేలలేదో చూద్దాం. కోడినే తీసుకుందాం. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. తెలంగాణ కూడా మొదటి మూడింట్లోనే ఉంది. మన ఫారాల నుంచి గుడ్ల లారీలు బెంగాల్, అస్సాం దాకా పోతున్నాయి. కోడి కష్టసుఖాల గురించి మనం కాక ఎవరు మాట్లాడతారు?

1964లో రూత్ హారిసన్ అనే ఆవిడ ఇంగ్లండులో 'యానిమల్ మెషీన్స్' అని ఒక పుస్తకం రాసింది. బోనుల్లో కోళ్లను, దూడలను ఎలా పెంచుతున్నారో జనానికి చూపించింది. గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం బ్రాంబెల్ అనే ప్రొఫెసరు అధ్యక్షతన కమిటీ వేసింది. 1965లో ఆ కమిటీ చెప్పింది ఏమంత గొప్ప సంగతి కాదు: జంతువుకు లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాపుకోవడానికి చోటుండాలి. అంతే. మరుసటి ఏడాదే ఎడిన్‌బరోలో జంతు ప్రవర్తన శాస్త్రజ్ఞులు ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పటినుంచీ సదస్సులు నిరాటంకంగా సాగుతూనే ఉన్నాయి. కోడి మాత్రం ఇంకా వెనక్కి తిరగలేదు.

శాస్త్రాన్ని వెక్కిరిస్తున్నానని ఎవరూ నొచ్చుకోవద్దు. శాస్త్రం తన పని తాను చేసింది, కొన్నిసార్లు దయగల పెద్దమనుషుల ముక్కుకు తాడు కూడా వేసింది. సన్నతీగ జాలీ నేల కోడి కాళ్లను బాధిస్తుందని, దాన్ని వాడకూడదని బ్రాంబెల్ కమిటీ సిఫారసు చేసింది. 1973లో హ్యూస్, బ్లాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ముక్క కోడినే అడిగారు. రకరకాల నేలలు పక్కపక్కన పెట్టి ఎక్కడ నిలబడుతుందో చూశారు. కమిటీ వద్దన్న జాలీ మీదే కోళ్లు వెళ్లి నిలబడ్డాయి! పరిశోధన అంటే అది. మనం ఊహించింది కాకుండా కోడి చెప్పింది రాసుకోవడం.

కోడి ఆ తర్వాత చాలా చెప్పింది. గుడ్డు పెట్టే వేళకు గూటికి చేరడానికి బరువైన తలుపునైనా తోసుకుని పోతానంది. మన పల్లెల్లో పెరటి కోడిని చూసినవాళ్లకు ఈ సంగతి కొత్తేం కాదు. గుడ్డు కడుపులో ఉన్న పెట్ట ఆ పూట ఇల్లంతా తన సొంతమైనట్టు తిరుగుతుంది. మంచం కింద దూరుతుంది, బియ్యం బస్తాల వెనక తొంగి చూస్తుంది, గడ్డివాము చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది, ఆఖరికి ఏ పాత గంపలోనో గడ్డి సర్దుకుని కూర్చుంటుంది. అదిలిస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. గూడు దొరకని కోడి గొంతు సాగదీసి పెట్టే అరుపుకు శాస్త్రజ్ఞులు 'గేకెల్ కాల్' అని పేరు కూడా పెట్టారు. అయినా ప్రారంభోత్సవంలో జ్యోతి వెలిగించి, శాలువా కప్పించుకుని, కొండపల్లి ఏనుగు అంబారీ బొమ్మ పుచ్చుకున్న ముఖ్య అతిథిగారు ప్రతిసారీ 'మూగజీవాలు' అంటూనే మొదలుపెడతారు. మూగవి కావండీ. పదివేల కోళ్ల షెడ్డులో ఒక్క పూట నిలబడి చూడండి, ఆ గోలకు పక్కవాడి మాట వినపడదు.

ఇక చోటు లెక్క. 1989లో డాకిన్స్, హార్డీ అనే ఇద్దరు కోళ్లను పైనుంచి ఫొటోలు తీసి, ఏ పనికి ఎంత జాగా పడుతుందో కొలిచారు. ఊరికే నిలబడటానికి సగటున దాదాపు 475 చదరపు సెంటీమీటర్లు. చుట్టూ తిరగడానికి 1270 పైచిలుకు. రెక్కలు కొట్టుకోవడానికి 1870 పైచిలుకు. మన దగ్గర ఎన్నో ఏళ్లుగా బోనులో ఒక్కో కోడి వాటాకు వచ్చేది 450కి అటూ ఇటూ. 2023లో కేంద్రం గుడ్ల కోళ్లకు నియమాలు తెచ్చి కనీసం 550 ఉండాలంది. యూరప్ కూడా ఒకప్పుడు ఈ 550 దగ్గరే ఆగింది. 2012 జనవరి 1 నుంచి అలాంటి ఉత్త బోనులనే నిషేధించింది. వాళ్లు పాత సామాన్లవాడికి వేసేసిన కొలతను మనం కొత్త సంస్కరణగా ఇంటికి తెచ్చుకున్నాం.

ఇక్కడో పండితుడు లేస్తాడు. 'ఆ కొలతలు వాళ్ల గోధుమరంగు కోళ్లవి సార్, మన ఫారాల తెల్లకోడి కాస్త చిన్నది.' నిజమే, చిన్నదే. అయితే మన తెల్లకోడిని మళ్లీ కొలవాలి కదా? అదిగో, మూడేళ్ల ప్రాజెక్టు తయారు!

పోస్టర్ సెషన్ సంగతి కూడా ఇదే ఊపులో చెప్పేస్తాను. సదస్సుల్లో మామూలుగా అడిగే పోస్టరు సైజు ఎ-జీరో. విస్తీర్ణం సరిగ్గా ఒక చదరపు మీటరు, అంటే 10 వేల చదరపు సెంటీమీటర్లు. 'బోనుల్లో లేయర్ కోళ్ల ఒత్తిడి సూచికలు' అని దాని మీద నిగనిగలాడే అక్షరాలు, పక్కన కోడి బొమ్మ, కింద ఆరుగురు రచయితల పేర్లు. ఆ ఒక్క పోస్టరు పట్టిన జాగాలో కొత్త నియమాల ప్రకారం 18 కోళ్లు, పాత పద్ధతిలో 22 కోళ్లు జీవితాంతం కాపురం చెయ్యాలి. పోస్టరు ఒక్క పూట వేలాడుతుంది. సాయంత్రానికి దాన్ని చుట్టి రైల్లో పై బెర్తు మీద పడేస్తారు.

బోనులో కోడి చేసే ఒక పని గురించి చదివినప్పుడల్లా నాకీ సదస్సులే గుర్తొస్తాయి. కోడికి మట్టి స్నానం కావాలి. దుమ్ములో పొర్లి, రెక్కల్లోకి మట్టి ఎగజిమ్ముకుని, దులుపుకుని లేస్తుంది. బోనులో మట్టి ఉండదు, కింద తీగలే. అయినా కోడి చతికిలబడుతుంది, లేని మట్టిని ముక్కుతో దగ్గరికి లాక్కుంటుంది, రెక్కలు అల్లల్లాడిస్తుంది, పక్కకు ఒరిగి పొర్లుతుంది. అన్ని అంగాలూ పూర్తిచేస్తుంది, ఒక్క స్నానం తప్ప. ప్రార్థనాగీతం, సావనీరు ఆవిష్కరణ, కీలకోపన్యాసం, సమాంతర సెషన్లు, గ్రూప్ ఫొటో, తీర్మానాల ప్రతి, వందన సమర్పణ. అన్నీ జరుగుతాయి. కోడి చేస్తే దాన్ని సంక్షేమ లోపానికి గుర్తని రాస్తారు. ప్రొఫెసర్లు చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు.

చట్టం మాట ఎత్తితే ఇంకా ముచ్చటగా ఉంటుంది. జంతు హింస నివారణ చట్టం 1960 నాటిది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితం. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. ఇవాళ్టికీ అంతే. ఈ గరిష్ఠ శిక్ష సొమ్ముతో డజను గుడ్లు కూడా రావు. మార్చాలని 2022లో ముసాయిదా వచ్చింది, ముసాయిదాగానే ఉండిపోయింది. అంతకుముందు 2017లో కోళ్ల పెంపకం, రవాణాల మీదే లా కమిషన్ 269వ నివేదిక ఇచ్చింది. ఇన్ని సదస్సుల్లో ఒక్కటైనా ఈ 50 రూపాయల మీద ఒక పూట చర్చ పెట్టి, ఆ కాగితం పట్టుకుని మంత్రి గుమ్మం ముందు నిలబడిందేమో తెలిసినవాళ్లెవరైనా చెప్పండి, నోరు మూసుకుంటాను.

నిజానికి పరిశోధించాల్సింది ఒకటుంది. చోటు పెంచితే గుడ్డు ధర పెరుగుతుందని ఫారం యజమాని అంటాడు. కొట్టిపారేసే మాట కాదది. మేత ధర, ఎండాకాలం చావులు, రోజురోజుకూ మారే గుడ్డు రేటు, బ్యాంకు అప్పు నెత్తిన పెట్టుకుని ఉంటాడతను. బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డుంది, పేదింటికి అందుబాటులో ఉన్న మాంసకృత్తుల్లో అదొకటి. అయితే కోడికి మరో వంద చదరపు సెంటీమీటర్లు ఇస్తే గుడ్డు ధర ఎన్ని పైసలు పెరుగుతుంది? అది ఎవరి జేబులోంచి రావాలి: కొనేవాడిదా, పెంచేవాడిదా, ప్రభుత్వానిదా? షెడ్డు మార్చుకునే రైతుకు అప్పు ఎవరిస్తారు? ఈ లెక్క మన జిల్లాల్లో మన ధరలతో కట్టినవాడికి నేనే శాలువా కప్పుతాను. కానీ ఈ పత్రానికి చోటు దొరకడం కోడికి దొరకడం కన్నా కష్టం. వేదిక వెనక ఫ్లెక్సీ మీద దాణా కంపెనీల, మందుల కంపెనీల పేర్లుంటాయి, చూడండి. ఆ పేర్ల కింద కూర్చుని బోను ఖరీదు గురించి నోరు విప్పాలంటే గుండె ధైర్యం కావాలి. ఒత్తిడి హార్మోన్ గురించైతే ఎంతసేపైనా మాట్లాడొచ్చు, ఎవరికీ పైసా ఖర్చు లేదు.

కుర్రవాడెవడో, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాడు, వెనక వరసలోంచి లేచి అడుగుతాడనుకోండి: 'సార్, మరింత పరిశోధన అన్నారు. ఏ ప్రశ్న మీద? ఎన్నాళ్లు? తేలితే ఎవరు ఏం చేస్తారు?' వెంటనే చైర్‌పర్సన్ గారు గడియారం చూసుకుంటారు. ప్రశ్న చాలా బాగుందని మెచ్చుకుంటారు. సమయాభావం వల్ల టీ విరామంలో మాట్లాడుకుందామంటారు. టీ విరామంలో, సమోసాల చుట్టూ, వచ్చే సదస్సు గోవాలో పెట్టాలా ఊటీలో పెట్టాలా అన్న దాని మీద చాలా లోతైన చర్చ జరుగుతుంది.