మన ఎండలకి నేనెందుకట!

మీ కారులో ఉంటాను గానీ మీరు నన్నెప్పుడూ చూసి ఉండరు. ఇంజిన్ హెడ్ నుంచి రేడియేటర్‌కి పోయే లావుపాటి రబ్బరు గొట్టం మొదట్లో, చిన్న మూత కింద కూర్చుంటాను. అరచేతిలో పట్టే ఇత్తడి బిళ్ల, దానికో స్ప్రింగు, నడుమ ఒక బొడిపె. అంతే నా ఒళ్లు. పేరు థర్మోస్టాట్.

బొడిపెలో మైనం ఉంటుంది. నా మీద 82 అని అంకె కొట్టి ఉంటుంది. నీళ్ల వేడి అన్ని డిగ్రీలకి రాగానే మైనం కరిగి, ఉబ్బి, లోపలి పుల్లని నెడుతుంది. నేను తెరుచుకుంటాను, వేడినీళ్లు రేడియేటర్‌కి పోతాయి. చల్లబడితే స్ప్రింగు నన్ను మళ్లీ మూసేస్తుంది. కరెంటు లేదు, తీగ లేదు. ఈ మైనం ఉపాయాన్ని 1930ల్లో అమెరికాలో సెర్జియస్ వెర్నే అనే ఆయన కనిపెట్టాడు. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. ఫ్యాక్టరీలో వేడినీళ్లలో ముంచి తెరుచుకుంటున్నానని చూసుకున్నారు, పంపేశారు.

వచ్చి పడింది విజయవాడ–హైదరాబాద్ రోడ్డు మీద తిరిగే ఒక డీజిల్ ట్యాక్సీలో. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మూసుకుని ఉండేదాన్ని, ఇంజిన్ తొందరగా వేడెక్కాలని. ఆ తర్వాత ఇంత తెరుచుకుని, అంత మూసుకుని, వేడిని ఒక్కచోట నిలబెట్టేదాన్ని. నందిగామ దగ్గరైనా, మే నెల మిట్టమధ్యాహ్నం సూర్యాపేట దగ్గరైనా డ్యాష్‌బోర్డు మీది ముల్లు సగం దగ్గరే నిలబడేది. ఓనరు అది ముల్లు గొప్పతనం అనుకునేవాడు.

ఆ బండిని పాడుచేసింది బోరునీళ్లు. రేడియేటర్లో పోయాల్సింది కూలెంటు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ నీళ్లని తొందరగా మరగనివ్వదు, కలిపిన మందులు తుప్పు పట్టనివ్వవు. ఆ కూలెంటు తగ్గినప్పుడల్లా దారిలో ఏ హోటలు కనిపిస్తే అక్కడి పంపు నీళ్లే పోశారు. ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల్లో గారలా పేరుకుంది. ఊళ్లో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ముల్లు బాగానే ఉండేది. హైవే ఎక్కి ఎనభై, తొంభై స్పీడు అందుకుంటే పైకి లేచేది. తెలిసినవాడికి ఆ గుర్తు చాలు. నిలబడితే వేడెక్కే బండికి ముందు ఫ్యాన్ చూడాలి, పరుగులో వేడెక్కే బండికి రేడియేటర్ చూడాలి. ఆటోనగర్‌లో ఒకరోజు బానెట్ ఎత్తిన మెకానిక్ మాత్రం రేడియేటర్‌ని వదిలేసి నన్ను చూశాడు.

"ఇదెందుకు బాబాయ్ మన ఎండలకి? చలి దేశాలోళ్లు పెట్టుకునేది. తీసేస్తే నీళ్లు డైరెక్టుగా తిరుగుతాయి. పైసా ఖర్చు లేదు."

"నీకు తెలీందేముంది, తీసెయ్."

రోహిణి కార్తెలో బెజవాడ ఎండ 45 దాకా పోతుందనుకోండి. నాకు కావాల్సింది 82. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. నన్ను లాగి, నట్లూ బోల్టులూ ఉన్న గ్రీజు డబ్బాలో పడేశాడు.

నా అడుగున ఇంకో చిన్న బిళ్ల ఉంటుంది. అన్ని ఇంజిన్లలో ఉండదు గానీ మా ఇంజిన్లో ఉంది. నేను తెరుచుకునేకొద్దీ అది కిందికి దిగి బైపాస్ దారిని మూసేస్తుంది. నన్ను తీసేస్తే ఆ దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్లోకి పోతుంది. ఊళ్లో తిరిగేటప్పుడేమో ఇంజిన్ చాలినంత వేడెక్కదు. సరిగా కాలని డీజిల్ జారి ఆయిల్లో కలుస్తుంది, మైలేజీ పడిపోతుంది. హైవే మీదేమో మునుపటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. ఖర్చు లేని వైద్యమంటే ఇదే.

మొదటి హెడ్ గ్యాస్కెట్ అలా పోయింది. సైలెన్సర్లోంచి తెల్ల పొగ, డిప్‌స్టిక్ తీస్తే పాలు కలిపిన టీ రంగులో ఆయిల్. కొత్తది లోకల్‌ది వేశారు. అదీ పోయింది. "డూప్లికేట్ మాల్ బాబాయ్, అందుకే ఆగట్లా" అన్నాడు మెకానిక్. ఓనరు అప్పుచేసి కంపెనీ పెట్టెలోది తెచ్చాడు. కొన్నాళ్లకి అదీ షెడ్డు గోడ మీద మేకుకి వేలాడింది, మిగతావాటి పక్కనే.

మూడింటినీ డబ్బాలోంచి చూస్తూ ఉండేదాన్ని. మూడూ ఒకేచోట, రెండో సిలిండర్ అంచున కాలాయి. మూడు వేరువేరు కొట్ల సరుకు ఒకే తావున కాలిందంటే తప్పు సరుకుదా, తావుదా? ఎవరూ తలెత్తి ఆ గోడ చూడలేదు. వేడికి అల్యూమినియం హెడ్ ఎప్పుడో వంగింది. విప్పిన ప్రతిసారీ దాన్ని ఎమ్రీ పేపర్‌తో రుద్ది, సాగిపోయిన పాత బోల్టులే చేతి అందాజుగా బిగించారు. ఆ బోల్టులు సాగేలా బిగించడానికే చేసినవి, ఒకసారి విప్పితే మార్చాలి. నడుమ నుంచి అంచులకి, ఒక వరసలో, చెప్పిన లెక్కకి టార్క్ రెంచితో తిప్పాలి. షెడ్డులో టార్క్ రెంచి ఉంది. గోడకి తగిలించి, అందంగా.

లోకల్ గ్యాస్కెట్ తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. కానీ బయట సరుకంతా ఒక్కటి కాదు. కార్ల కంపెనీలు చాలా పార్టులు సొంతంగా చేసుకోవు. బాష్ ఇంజెక్టర్లు, టాల్‌బ్రోస్ గ్యాస్కెట్లు లాంటివి కంపెనీకీ పోతాయి, తయారుచేసినవాళ్ల సొంత పెట్టెలో కొట్టుకీ వస్తాయి, చాలాసార్లు తక్కువ ధరకే. వాటిని లోకల్ అని చీదరించుకోవడం తెలివితక్కువ. ఇంకో రకం ఉంది, పేరూ పెట్టే హోలోగ్రామూ అన్నీ దొంగిలించినది. దాని సంగతి నాకు బాగా తెలుసు. నా కుర్చీలో కూర్చుంది అదే.

చివరికి హెడ్‌ని లేత్ షాపుకి పంపారు. అక్కడి పెద్దాయన దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, సందులోకి ఫీలర్ గేజ్ దూర్చి నవ్వాడట. చాలా ఇంజిన్లకి 0.1 మిల్లీమీటరు వంపే ఎక్కువ, ఇందులో మందపాటి రేకు కూడా దూరిపోయిందట. ఫేసింగ్ చేసిచ్చి, రేడియేటర్ మార్చమన్నాడు, కొత్త బోల్టులు వెయ్యమన్నాడు. "థర్మోస్టాట్ ఏదిరా? అది లేకుండా బండి బయటికి తీస్తే నా దగ్గరికి రాకు" అని కూడా అన్నాడట.

మెకానిక్ వచ్చి ఈ మాటలన్నీ చెబుతుంటే నా మైనం కరిగినంత పనైంది. డబ్బా అతని మోచేతి పక్కనే ఉంది. ఒక్క గిన్నెడు నీళ్లు మరగబెట్టి, నన్ను దారం కట్టి వేలాడదీస్తే తెలిసిపోయేది, నాలో ఏ లోపమూ లేదని. కుర్రాణ్ణి సందు చివరి కొట్టుకి పంపాడు.

వచ్చినది తళతళలాడుతోంది. దాని మీదా 82 అనే ఉంది. అంకె కొట్టడానికి ఏం ఖర్చు? నా బిళ్ల అంచున చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఉంటుంది. నీళ్లు నింపేటప్పుడు చిక్కుకున్న గాలి అందులోంచే పోతుంది. ఆ కొత్తదానికి రంధ్రమే లేదు. చిల్లకల్లు టోల్‌గేటు దాకా పోయి ఆగిపోయిందట బండి. ఆవిరి చుట్టుకుంది గానీ అది తెరుచుకోలేదు. ఈసారి మాత్రం నిజంగానే డూప్లికేట్ మాల్. అదేం చిత్రమో, ఈసారి మెకానిక్ ఆ మాట అనలేదు. "బండి ముసలిదైపోయింది బాబాయ్, అమ్మెయ్" అన్నాడు.

అమ్మేశాడు. కొన్నవాడికి "ఇంజిన్ పనంతా కొత్తగా చేయించాం" అని చెప్పారు. అబద్ధమేం కాదు.

ఆ తర్వాత డబ్బా ఖాళీ చేసి, నన్నూ, బండిలోంచి తీసి నా పక్కనే పడేసిన ఆ డూప్లికేట్‌నీ పాత ఇనప సామాన్ల కొట్టుకి తోలారు. కొట్టువాడు మా స్ప్రింగులు ఊడబెరికి, బిళ్లలకి అయస్కాంతం ఆనించాడు. అది టక్కున అతుక్కుంది, నేను అతుక్కోలేదు. నన్ను ఇత్తడి కుప్పలోకి, దాన్ని ఇనప కుప్పలోకి విసిరాడు. పెట్టె చూడలేదు, అంకె చదవలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. ఓనరు సామాను కొనేముందు ఇతన్ని వెంటబెట్టుకుని వెళ్లుంటే సరిపోయేది.