మడిగె తీసుకున్నారా? ఇక ఆలోచించడం ఆపండి

రామంతాపూర్‌లో షట్టర్ ఎత్తేముందు కుడిపక్క ఒకసారి, ఎడమపక్క ఒకసారి చూడండి. వాళ్లేం అమ్ముతున్నారో మీరూ అదే అమ్మండి. వ్యాపారంలో విద్యంతా ఇదే. అనుభవం మీద చెప్తున్నా, ఇప్పటికి మూడు దుకాణాలు పెట్టాను. మూడింటి ఫ్లెక్సీలూ భద్రంగా ఉన్నాయి. వానాకాలం మా డాబా కారే చోట పరుస్తాం.

మొదటిది మొబైల్ కవర్లు. 2017 నవంబరులో ఉప్పల్‌కి మెట్రో రాగానే, రైలు దిగినవాడు కవరు కొనక ఎక్కడికి పోతాడని లెక్క వేశాను. ఆ వరుసలో అప్పటికే ఐదుగురు అదే లెక్క వేసి కూర్చున్నారు. ఐదుగురు వేసిన లెక్క తప్పవుతుందా? ఆరో కుర్చీ నాది. రెండోది మండీ హోటల్. దాని సంగతి మా ఆవిడ ముందు ఎత్తకూడదని మా ఇద్దరికీ ఒప్పందం.

మూడోదే అసలైన పాఠం. ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఆసుపత్రికి దగ్గర్లో చాయ్ ఫ్రాంచైజీ. గోడ రంగు, కప్పు, పొడి, పాట, రేటు అన్నీ కంపెనీవాళ్లే పంపుతారు. అల్లం ఎంత పడాలో కూడా పొట్లం కట్టి ఇస్తారు. మనం గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చాలు, బుర్రకి పని లేదు.

అయితే ఆ ఆసుపత్రికి వచ్చేవాళ్లతో ఓ చిక్కుంది. హోమియో గోళీలు వాడేటప్పుడు కాఫీ మానమని, పచ్చి ఉల్లి, వెల్లుల్లి, ఘాటు వాసనలు వద్దని చాలామంది డాక్టర్లు చెప్తారు. ఒకరోజు ఓ పెద్దమ్మ వచ్చింది. "బిడ్డా, డాక్టరమ్మ చాయ్, కాఫీ బందు పెట్టుమన్నది. ఉత్త పాలు ఉన్నయా?" అంది. నా వెనక గిన్నెలో పాలు కాగుతూనే ఉన్నాయి. కానీ బోర్డు మీద లేనిది ఎట్లా అమ్ముతాం? లేవన్నాను. పద్ధతంటే పద్ధతే. అట్లా రోజూ ఎంతోమందిని నిక్కచ్చిగా తిప్పి పంపాను.

పక్క కిరాణావాడు మాత్రం పద్ధతి లేని మనిషి. ఓ స్టవ్వు పెట్టి పాలు కాచాడు. ఉల్లి లేని ఉప్మా మొదలుపెట్టాడు. కిరాణా దుకాణంలో ఉప్మా ఏమిటండీ?

ఇట్లాంటి వాళ్లు ఈ ఊళ్లో మొదట్నుంచీ ఉన్నారు. కర్రీ పాయింట్ చూడండి. భోజనం హోటల్‌కి అన్నమే దిక్కు కదా, ఆ అన్నమే అమ్మరు! బల్లలు లేవు, కంచాలు లేవు, వడ్డించేవాడు లేడు. జనం ఇంట్లో కుక్కర్ పెట్టుకుని పప్పు, వేపుడు, చారు కవర్లలో కట్టించుకు పోతారు. ఉద్యోగం నుంచి వచ్చిన మనిషికి అన్నం వండుకునే ఓపిక ఉండి, కూర తరిగే ఓపిక ఉండదని ఎవడో పసిగట్టాడన్నమాట. జనం వంటింట్లోకి తొంగిచూడటం మర్యాదేనా?

బెంగళూరు ఎంటీఆర్ వాళ్లయితే మరీ అన్యాయం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కరువొస్తే రవ్వతో ఇడ్లీ వేశామని చెప్పుకుంటారు. బియ్యం లేకపోతే 'ఇడ్లీ లేదు' అని బోర్డు పెట్టాలి. నేనైతే అదే చేసేవాణ్ణి.

సాయంత్రమైతే రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాల్చే ఆమెనూ గమనించాను. ఒక పొయ్యి, ఒక పెనం, పిండి గిన్నె. బోర్డు కూడా లేదు. షుగర్ వచ్చినవాళ్లంతా కార్లు ఆపి మరీ నిలబడతారు. జాలేసి, పొద్దుటి నుంచే తెరువమ్మా, హోటళ్లన్నీ అట్లాగే కదా అని సలహా ఇచ్చాను. "పొద్దుగాల రొట్టె ఎవలు కొంటరు సారూ, జరగుండ్రి, గిరాకీ వచ్చింది" అని నన్ను పక్కకి జరిపింది. ఫీజు కూడా అడగలేదు నేను.

అన్నట్టు, ఆ ఉప్మా కిరాణా పక్క మడిగె ఖాళీ అయింది. అందులో చాయ్ దుకాణం ఉండేది, అదే, నాదే. మళ్లీ అడ్వాన్స్ ఇచ్చేశాను. ఈసారి నేనూ పాలు, ఉల్లి లేని ఉప్మాయే. ఫ్లెక్సీ కూడా వచ్చేసింది. వాడి పేరే పెద్దక్షరాల్లో, కింద ఒక లైను: 'ఇదే ఒరిజినల్, మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు.'