కడుపునొప్పి లేని పిల్ల

సూర్యాపేట గ్రౌండులో పొద్దున ఐదున్నరకు పరుగు మొదలయ్యేది. ఎవరో ఒక పిల్ల నేల చూపులు చూస్తూ వచ్చి "మేడం, కడుపునొప్పి" అనేది. మిర్యాలగూడ పిల్లయితే నెలనెలా మెలికలు తిరిగిపోయేది. కోదాడ పిల్ల మాత్రం దసరా తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

"దాన్ని చూసి నేర్చుకోండే!" అని అందరి ముందూ ఎన్నిసార్లు అన్నానో. వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చానును కూడా వదల్లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 199 కిలోలెత్తి, ఒక్క కిలోతో కాంస్యం పోగొట్టుకున్నాక, అది తనకు నెలసరి మూడో రోజని ఆమె దేశమంతా వినేలా చెప్పింది. నేను పిల్లలకు చెప్పింది ఆ 199 కిలోల గురించే. నోరు విప్పి చెప్పుకోవచ్చన్న సంగతి చెప్పలేదు.

ఉగాది దాటాక కోదాడ పిల్ల కుంటడం మొదలుపెట్టింది. ఆస్పత్రికి తీసుకెళ్లాను. మోకాలి కింద ఎముకలో సన్నటి పగులు. దెబ్బేమీ తగల్లేదు.

"బహిష్టు ఎప్పుడైంది బిడ్డా?" అంది డాక్టరమ్మ.

పిల్ల నా వైపు చూసింది. "బతుకమ్మకు ముందు."

"రాత్రి ఏం తింటవ్?"

"ఏం తినను. ఒళ్లు తేలికైతే టైం తగ్గుతదని."

డాక్టరమ్మ నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. పరుగుకు ఖర్చయ్యేంత తిండి లోపలికి పోకపోతే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుందట. నెలసరి ఆగిపోతుంది, ఈస్ట్రోజన్ పడిపోతుంది, ఎముక గట్టిపడాల్సిన వయసులో గుల్లబారుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి ఒక పేరు పెట్టి కోచ్‌లను హెచ్చరించిందట. మూడు నెలలు వరసగా రాకపోతే చూపించి తీరాలట. పదిహేనేళ్లుగా పిల్లల్ని పరిగెత్తిస్తున్నాను. ఈ ప్రశ్న ఒక్కరినీ అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"మీరు మెచ్చుకుంటుండ్రి కద మేడం!"

ఆ రాత్రి నిద్ర పట్టక హాజరు పుస్తకం తీశాను. మిర్యాలగూడ పిల్ల పేరు దగ్గర వేలు ఆగింది. సంక్రాంతి నుంచి ఒక్క సెలవూ లేదు.

పొద్దున్నే పిలిచాను. దాని తల్లి రైస్‌మిల్లులో పనిచేస్తుంది, ప్రతి ఆదివారం అన్నం కట్టుకొని బస్సెక్కి వస్తుంది.

"నొప్పి తగ్గిందా బిడ్డా?"

దాని ముఖం వెలిగిపోయింది.

"అసలు వస్తలేదు మేడం! రాత్రి అన్నం మానేస్తే ఆగిపోతదని కోదాడ అక్కనే చెప్పింది. ఇప్పుడు మేమందరం మానేసినం."